మార్చకుండా వదిలేసిన ముక్క

లిఫ్టులో కూడా వదలరా అన్నయ్యా జనం?

కింద నుంచి మూడో అంతస్తుకి రావడానికి ఎంతసేపు పడుతుంది చెప్పు. అర నిమిషం. ఆ అర నిమిషంలో పట్టేసుకున్నాడు స్ట్రెచర్ తోసే మనిషి. మీరు నల్లుల మాస్టారు కదూ అన్నాడు. కాదన్నాను. ఊరుకోండి సార్, ఆ గొంతు నేను పోల్చుకోలేనా అన్నాడు. 'కాదు' అన్న ఒక్క మాటలో ఏం గొంతు వినిపించిందో వాడికి! ఒక్క లైను పాడాలట. స్ట్రెచర్ మీద మనిషున్నాడు. ముసలాయన, ముక్కులో గొట్టం, చేతికి సెలైను. ఆయన నెత్తిన నిలబడి నేను నల్లుల పాట పాడాలట.

పాడావా అని చూస్తున్నావు కదూ? పాడాను. ఇంకేం చేస్తాను? పాడకపోతే పొగరంటారు. ఆ ముసలాయన గొట్టం ఊడొచ్చేలా నవ్వాడు. రెండో అంతస్తులో తలుపు తెరుచుకుంటే బయట నిలబడ్డ నర్సు కూడా అందుకుంది, మందుల ట్రే చేత్తో పట్టుకుని, తల ఊపుతూ.

ఛీ. అసహ్యం వేసింది నాకు. వాళ్ల మీద కాదు. ఆ నర్సు శ్రుతిలోనే పాడింది పాపం. నా మీద నాకే.

నవ్వకు. సగం మూతితో నవ్వితే నాకు తెలియదనుకోకు. ఉండు, ఆ పక్కన కాస్త తుడవనీ. ఈ టవల్... ఓహో, ఇది వదిన మడత. సోమవారం పెట్టిన మడత ఇంకా ఇలాగే ఉంది. ఏం, ఎవరూ ముట్టుకోలేదా? నువ్వే ముట్టుకోనివ్వలేదా? సరే సరే, చెయ్యి విసరకు. కదపను. నా చేతిరుమాలు ఉందిలే.

తలుపు వైపు చూడకు. చెప్తాను. వదిన సంగతి చెప్పడానికే వచ్చాను. నర్సుకి మాత్రం వదినకి జ్వరం అని చెప్పాను. నమ్మింది. నీకు ఆ మాట చెప్పి తప్పించుకోలేను కదా. సోమవారం ఏం జరిగిందో నువ్వూ చూశావు, నేనూ చూశాను.

ఇప్పుడే ఆ మాటలు నేర్పే అమ్మాయి వరండాలో పట్టుకుంది నన్ను. ఏమంటుందో తెలుసా? పక్షవాతం వచ్చి ఏడు వారాలైపోయింది సార్, మొదటి మూడు నెలలే గట్టిగా పనిచేసేది, తరవాత ఎంత తంటాలు పడ్డా వచ్చేది తక్కువ అంది. రోజూ ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని పాడాలట. మాటల గదికి తాళం పడ్డా పాటల గది తెరిచే ఉంటుందట కొందరికి. ఆ దారిలో మాటల్ని ఒక్కొక్కటీ బయటికి లాక్కురావాలట. సోమవారం వచ్చాయి కదా సార్, మరి మేడమ్ ఎందుకు రావడం లేదు అని అడిగింది.

ఏం చెప్పమంటావు?

మీరు పాడొచ్చుగా, మీరు సింగరేగా అంది. సింగరు! ఆ పిల్లకి ఇరవై నాలుగేళ్లుంటాయేమో. ఆమె పుట్టేనాటికే నేను నల్లుల మాస్టారుని. మంగళవారం పాడి చూశాను కదా. నీ ఎడమ చెయ్యి పట్టుకుని, ఆమె చెప్పినట్టే తాళం తడుతూ. ఏం చేశావు నువ్వు? పళ్లు బిగించావు. అన్నం పెట్టబోతే మొహం తిప్పుకునే చంటిపిల్లాడిలా. బుధవారం కూడా అంతే. నిన్నటి నుంచి నేనే మానేశాను.

వదిన రావాలి. వదిన పాడితేనే నువ్వు పాడతావు. అదీ సంగతి. రాకపోతే, ఆ అమ్మాయి బొమ్మల అట్టలు పట్టుకుని ఇది గ్లాసు, ఇది దువ్వెన, ఇది గొడుగు అంటూ ఉంటుంది, నువ్వు గొడుగు కేసి గుడ్లప్పగించి చూస్తూ ఉంటావు. జీవితాంతం ప్రూఫులు దిద్దినవాడివి. ఒక్క ఒత్తు తప్పితే ఊరుకునేవాడివి కాదు. నీకు గొడుగు అనే మాట రాదంటే నాకు ఎలా ఉంటుందనుకున్నావు?

సోమవారం సంగతి మళ్లీ ఎత్తుతున్నానని విసుక్కోకు. ఎత్తకుండా ఎలా?

ఆయనకి బాగా కంఠతా వచ్చిన పాట ఏదైనా ఉందా అని అడిగింది ఆ అమ్మాయి. వదిన కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఉంది, నా మీద రాసింది ఒకటుంది అంది. అప్పుడు నా కేసి చూడలేదు. నేనే ఈ కుర్చీలో ముడుచుకుపోయాను. వచ్చి నీ పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకుంది. వదిన పాడగా నేనెప్పుడూ వినలేదు అన్నయ్యా. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా. సన్నటి గొంతు.

'నల్లని నీ కన్నులలో నా ఇల్లు కట్టుకున్నానే
మెల్లగ నువు నవ్వితేనే తెల్లవారుతుందిలే'

ఒకసారి పాడింది. రెండోసారి పాడింది. మూడోసారికి నీ పెదవి కదిలింది. ఏడు వారాలుగా ఆ, ఊ తప్ప లేని నోరు తెరిచి, గట్టిగా, స్పష్టంగా, తాళం తప్పకుండా, ఏం పాడావు?

'నల్లులు నా మంచములో తమ ఇల్లు కట్టుకున్నాయే
మెల్లగ అవి కుట్టితేనే తెల్లవారుతుందిలే'

ఆ అమ్మాయి గంతేసింది. చప్పట్లు కొట్టింది. నర్సుల్ని పిలిచింది. నలుగురు వచ్చారు, ఇంకోసారి సార్, ఇంకోసారి అన్నారు. అచ్చం నా స్టేజి ముందు జనంలాగే. నువ్వు ఇంకోసారి పాడావు. పాడుతూ వదిన మొహం చూశావు. సగంలో ఆపేశావు.

వదిన టవల్ మడిచింది. అంచులు కలిపి, నిదానంగా. బల్ల మీద పెట్టింది. సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

నేనా? నేను వదిన వెనక వెళ్లాలి కదా? వెళ్లలేదు. ఆ నర్సుల్లో ఒకతె నన్ను గుర్తుపట్టింది. మీ పాటే సార్, చూశారా, మీ పాట మందులా పనిచేసింది అంది. నేను పళ్లికిలించాను. అన్నయ్యా, ఆ క్షణంలో కూడా నా మొహం తనంతట తానే నవ్వింది. ముప్పై ఒక్కేళ్ల అలవాటు. ఆ మొహాన్ని నేనే చెప్పుతో కొట్టుకోవాలి.

ఏం బతుకు బతికాను చెప్పు? ఎవడో మహానుభావుడు నిద్ర మాని ఒక పాట రాస్తాడు. నేను దాన్ని తెచ్చుకుని, ప్రేమ ఉన్నచోట దోమ పెడతాను. గుండె ఉన్నచోట బండ పెడతాను. విరహం ఉన్నచోట విరేచనం పెడతాను. అబ్బో, విరేచనానికి హాలు హాలంతా లేచి నిలబడేది. దుకాణాలు తెరిచినా నేనే, ఫ్యాక్టరీ వార్షికోత్సవమైనా నేనే, పెద్ద ఆఫీసరు రిటైరైనా నేనే. రెండు వందలకి పైగా కట్టాను అలాంటివి. బస్సు మీద, దోమల మీద, ఫోను సిగ్నల్ మీద, పంటి నొప్పి మీద. ఒక్కటైనా ఎవరికైనా గుర్తుందా? స్టేజి ఎక్కగానే నల్లులు, నల్లులు అని అరుస్తారు. కొత్తది వినిపిస్తానంటే మొహాలు మాడ్చుకుంటారు.

నాన్న పోయిన రోజు ఒకటి జరిగింది, నీకు చెప్పలేదు. ఒకాయన నా భుజం మీద చెయ్యేసి ఓదారుస్తూనే, మీ నల్లుల పాట మా ఇంట్లో అందరికీ ప్రాణమండీ అన్నాడు. థాంక్సండీ అన్నాను.

మా ఆవిడ సంగతి తెలుసా? వంట చేస్తూ కూనిరాగం తీస్తుంది. నేను వంటింటి గడప దాకా వస్తే చాలు, ఆపేస్తుంది. ఎందుకాపావంటే ఏం లేదంటుంది. నాకు తెలుసు ఎందుకో. నా చెవిన పడితే ఆ పాటకి ఇక ఆయుష్షు లేదని. తనకి ఇష్టమైన పాటల్ని నా నుంచి దాచుకుంటోంది అన్నయ్యా. పిల్లికి అందకుండా పాలు పైఅరలో పెట్టినట్టు.

ఒకసారి కచేరీ అయ్యాక వ్యానులో వస్తున్నాం. మా కీబోర్డు వాయించేవాడు, బాగా నోటి దురుసు మనిషి, అడిగాడు: "మాస్టారూ, మొదటి పాట రాసిన చెయ్యి మళ్లీ మీకు దొరకలేదేం?" వ్యానులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాడు సరదాకి అన్నాడనుకున్నారు అందరూ. వాడికి సంగతి తెలిసిపోయిందేమోనని నాకు చెమటలు పట్టాయి.

అలా చూస్తావేం? నువ్వు మర్చిపోయావా? మర్చిపోలేదు. సరే, మనిద్దరం ఒకసారి ఒప్పుకుందాం. ఆ అమ్మాయి నేర్పింది కదా, ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. నేను చెప్తాను, నువ్వు తట్టు.

ఆ అద్దె ఇల్లు. రెండు గదులు, మెట్ల కింద నీళ్ల పంపు. ఒక గదిలో మీరిద్దరూ, ఒక గదిలో నేను. నువ్వు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడివి, భోజనం వేళ పాటలు రాసి రేడియోకి పంపేవాడివి. 'నల్లని నీ కన్నులలో' రేడియోలో వచ్చిన రోజు వదిన పక్కింటివాళ్లందర్నీ పిలుచుకొచ్చింది. ఆ తరవాత ఎప్పుడు వచ్చినా, ఏరా, నా పాట వస్తోందిరా, ఆ పంపు కట్టెయ్ అని కేకేసేది నాకు. నీ పాట అనలేదు ఎప్పుడూ. నా పాట అనేది.

ఆ ఆదివారం వదిన వాళ్లక్క ఇంటికి వెళ్లింది, రెండ్రోజులకి. మంచం నిండా నల్లులు. డాబా మీదికి మోసుకెళ్లాం ఇద్దరం. ఎండలో విప్పేశాం. నువ్వు కెటిల్‌తో మరిగే నీళ్లు పోస్తున్నావు, నేను చీపురు పుల్లతో సందులు పొడుస్తున్నాను. నువ్వు పని చేసేటప్పుడు నీ పాటే పాడుకునేవాడివి. "నల్లని నీ..." అన్నావు. సరిగ్గా అప్పుడే సందులోంచి ఒకటి బయటికి వచ్చింది, ఒళ్లంతా రక్తం తాగి బొద్దుగా. నువ్వు ఆగావు. దానికేసి చూశావు. ఆ తరవాత ఒకే ఊపిరిలో, తడుముకోకుండా, పల్లవి పల్లవంతా నల్లుల మీదికి తిప్పి పాడేశావు.

తట్టు. అవునా, కాదా?

అవును.

నేను డాబా మీద దొర్లి దొర్లి నవ్వాను. నువ్వు కూడా కెటిల్ కింద పెట్టి, కళ్లనీళ్లు కారేలా నవ్వావు. ఆ తరవాత ఉన్నట్టుండి ఆగిపోయి, ఒరేయ్, మీ వదిన ముందు నోరు జారకు అన్నావు. ఏం, సరదాగా ఉంది కదా అన్నాను. "అది తన పాటరా" అన్నావు.

నాకు బాగా గుర్తుంది ఆ మాట. గుర్తుండి చేశాను చూడు, అదీ నా గొప్ప.

మూడు వారాలు ఆగలేకపోయాను. ఆర్కెస్ట్రాలో వెనక వరసలో నిలబడి గిలక్కాయలు ఊపేవాడిని అప్పుడు. నా మొహం కూడా కనపడేది కాదు జనానికి. ఆ రోజు కామెడీ చేసేవాడికి గొంతు పోయింది. హాల్లో ఈలలు, కుర్చీలు లాగుతున్న చప్పుళ్లు. ఎవడో ఒకడు ఏదో ఒకటి చెయ్యండిరా అన్నాడు మా ఆర్కెస్ట్రా యజమాని. నేను గిలక్కాయలు పక్కన పెట్టి ముందుకి వెళ్లాను. నీ పల్లవి పాడాను.

హాలు దద్దరిల్లిపోయింది. ఏడుసార్లు పాడించారు. అవే రెండు లైన్లు, ఏడుసార్లు. పదిహేను రోజుల్లో క్యాసెట్ వేస్తామన్నారు. పాట అన్నాక చరణాలుండాలి కదా? చరణాలు నేను కట్టాను. 'కుర్చీలోనా కుట్టాయే, కుండల్లోనా పుట్టాయే' అని. నువ్వు విని, నల్లులు కుండల్లో పుట్టవురా అన్నావు. ప్రాస కోసం అన్నాను. ఆ క్యాసెట్ మీద రచన అని నా పేరు పడింది. నువ్వు దాన్ని తిప్పి చూసి, అచ్చుతప్పు ఒకటి ఉందిరా అని మాత్రం చెప్పావు.

అప్పుడే నా గూబ పగలగొట్టి ఉండాల్సింది.

ఇక ఆ రోజు. బస్సు దిగిన చోట టైలరు షాపులో ఆ క్యాసెట్ వినపడిందట వదినకి. భుజాన సంచీ అలాగే ఉంది, చెప్పులు కూడా విప్పలేదు. మనం భోంచేస్తున్నాం. గుమ్మంలో నిలబడి అడిగింది: "ఆ పాట ఎవరు రాశారు?"

నువ్వు కంచంలోకి చూశావు. నేను నిన్ను చూశాను. నేనే వదినా అన్నాను.

"ఓహో. మీరా?" అంది.

అప్పటిదాకా ఏరా, ఒరేయ్, నువ్వు. కాలేజీలో చేరేటప్పుడు నా ఫీజు కట్టడానికి వచ్చింది ఎవరు? వదిన. నా చొక్కాలకి గుండీలు కుట్టింది ఎవరు? ఆ రోజు నుంచి 'మీరు'. చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని వచ్చి, ఇంకాస్త వడ్డించమంటారా అని అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది. గరిటెతో నెత్తిన కొట్టి ఉంటే ఇంకా బాగుండేది. ముప్పై ఒక్కేళ్లు అన్నయ్యా. ఎప్పుడొచ్చారు, కూర్చోండి, మంచినీళ్లు కావాలా, మీ ఆవిడ బాగున్నారా. ఒక్కసారి కూడా నోరు జారి 'నువ్వు' రాలేదు.

నేను ఏమనుకున్నానో తెలుసా ఇన్నాళ్లూ? అన్నయ్యని కాపాడాను అనుకున్నాను. తన పాటని మొగుడే వెక్కిరించాడని తెలిస్తే వదిన గుండె పగిలిపోతుంది, ఆ నింద నేను మోశాను అనుకున్నాను. ఎవరైనా నన్ను లేకివాడని ఎగతాళి చేసినప్పుడు, మీకేం తెలుసురా నా త్యాగం అని లోలోపల మీసం తిప్పుకునేవాడిని.

అబద్ధం. అంతా అబద్ధం. నేనే వదినా అన్నప్పుడు నాకు ఎలా అనిపించిందో చెప్పనా? సంతోషం వేసింది. ఇక ఇది నాదైపోయింది అనిపించింది. ఇంట్లో కూడా రిజిస్టరైపోయినట్టు. అంతే. అంతకంటే ఏమీ లేదు.

నువ్వు ఆ తరవాత పాట రాయలేదు. ఒక్కటి కూడా. ప్రూఫులు దిద్దుకుంటూ ఉండిపోయావు. ఎందుకు రాయడం లేదని నేను అడగలేదు. అడిగితే ఏం చెప్తావోనని భయం.

ఏంటి? ఎందుకలా మూలుగుతావు? వదిన దగ్గరికి వెళ్లావా అనేగా? వెళ్లాను. అదే చెప్పబోతున్నాను. నిన్న మధ్యాహ్నం వెళ్లాను.

దిండు గలీబులు ఆరేస్తోంది బాల్కనీలో. రండి, కూర్చోండి అంది. కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. వదినా, ఆ పల్లవి నాది కాదు, అన్నయ్యది, నేను దొంగతనం చేశాను, ఆ రోజు అబద్ధం చెప్పాను, కోపం ఉంటే నా మీద పెట్టుకో, అన్నయ్యకి మాట రావాలి, నువ్వు రాకపోతే రాదు అన్నాను. ఏడిచాను కూడా. సిగ్గేముందిలే.

వదిన గలీబు దులిపింది. క్లిప్పు పెట్టింది. "తెలుసు" అంది.

ఎప్పటి నుంచి అన్నాను.

"టైలరు షాపు దగ్గరే తెలుసు. 'తెల్లవారుతుందిలే' మార్చకుండా అలాగే వదిలేసి ఉంది కదా అందులో. నవ్వితే తెల్లవారుతుంది, కుట్టినా తెల్లవారుతుంది. ఆ ముక్కని కదపకుండా వదిలెయ్యడం నీకు చేతకాదు. నువ్వైతే దాన్నీ మార్చేవాడివి."

నువ్వు! విన్నావా? నువ్వైతే అంది. ముప్పై ఒక్కేళ్లకి వచ్చింది నా 'నువ్వు'. ఎలా వచ్చిందో చూడు. చెత్తబుట్టలో పారేస్తూ వచ్చింది.

అక్కడితో ఆగలేదు. "పల్లవి ఆయనది, చరణాలు నీవి. వింటే తెలియడం లేదూ?" అంది.

తెలుస్తోంది. తెలియకేం? కీబోర్డు వాడికి తెలిసింది. హాల్లో జనానికి కూడా తెలుసు. అందుకే ఎవడూ ఈనాటి వరకూ చరణం పాడమని అడగలేదు. రెండు వందల పాటల్లోనూ నేను చేసింది అదే కదా. అన్నీ మార్చడం. ప్రతి ముక్కా మార్చి, ప్రతి చోటా ఏదో ఒక పురుగునో కంపునో కుక్కడం. నువ్వు కొన్ని మాటలే మార్చి, మిగతాది వదిలేశావు. అంతా అక్కడే ఉంది. ఆ ఒక్క కిటుకు నాకు ముప్పై ఏళ్లలో పట్టుబడలేదు. పట్టుబడక కాదు, నాకు ఆ వదిలెయ్యడమే రాదు.

అయినా ఉడుక్కున్నాను. తెలిసి ఉండి నన్నెందుకు ఇన్నాళ్లూ మీరు మీరు అని చంపావు వదినా అని అడిగాను.

అప్పుడు చెప్పింది. నువ్వు విను ఇది.

"పాట రాసినందుకు కాదు. ఆ రోజు నేను అడిగింది ఆయన్ని. ఆయన తల ఎత్తారు, నోరు తెరవబోయారు. నువ్వు అడ్డం పడి అనేశావు. ఆయన చెప్పి ఉంటే నేను నవ్వేసేదాన్నేమో. రెండు రోజులు అలిగి, మూడో రోజు నవ్వేసేదాన్ని. నువ్వు ఆయన మాట మింగేశావు. ఆయనా నీ చాటున ఉండిపోయారు. ఇక ఎప్పుడు ఆ పాట వచ్చినా ముగ్గురం మొహాలు తిప్పుకుని కూర్చున్నాం."

సోమవారం ఎందుకు వెళ్లిపోయావు మరి అన్నాను. కోపం కాదట. ముప్పై ఒక్కేళ్ల కిందట అడిగినదానికి ఆయన ఇప్పుడు జవాబు చెప్పారు, నర్సుల ముందు ఏడవలేక వచ్చేశాను అంది. మరి నాలుగు రోజులేంటి వదినా, అన్నయ్య తలుపుకేసి చూస్తూ చచ్చిపోతున్నాడు అన్నాను. ఏమందో తెలుసా? ముప్పై ఒక్కేళ్లు ఆగాను నేను, నాలుగు రోజులు ఆయన్ని ఆగమను అంది.

కళ్లు తుడవనీ. ఇటు తిరుగు. వస్తుంది. ఇవాళ నాలుగింటికి వస్తానంది. ఏం పాడతావు అని కూడా అడిగాను. నల్లులే పాడతాను, ముందు మాట రానీ, తరవాత కన్నుల సంగతి చూద్దాం అంది. వరండాలో చివరికి ఆ అమ్మాయికి ఈ మాటే చెప్పి వచ్చాను. ఎగిరి గంతేసింది.

ఇంకో మాట కూడా చెప్పింది వదిన. నన్ను గదిలో ఉండొద్దంది. నువ్వుంటే మధ్యలో అందుకుంటావు అంది.

అందుకుంటాను. నిజమే. నాకు ఆ రోగం ఉంది.

నాలుగవడానికి ఇంకా పది నిమిషాలుంది. వెళ్లిపోయే ముందు ఒక్కటి అడుగుతాను. నిజం చెప్పు. ఆ రోజు కంచం ముందు, నువ్వు నిజంగా నోరు తెరవబోయావా? వదిన అలా అనుకుంటోంది. నాకైతే నువ్వు కంచంలోకి చూసిందే గుర్తుంది. ఆ తరవాత తల ఎత్తావా? చెప్పబోయావా? తట్టు.

ఒకసారి.

రెండోది కూడా తట్టు అన్నయ్యా. తట్టు. చెయ్యి అలిసిందేమో, కాస్త ఆగి తట్టు. తొందరేం లేదు, నేను ఆగుతాను.

తట్టవు.

సరే. లిఫ్టు వచ్చినట్టుంది. ఆ చెప్పుల చప్పుడు వదినదే. నీ జుట్టు దువ్వలేదు ఎవరూ, ఇలా తిరుగు... వద్దా? సరే, వదిన దువ్వుతుందిలే. టవల్ అలాగే ఉంది, చూడు, నేను ముట్టుకోలేదు.

నేను బయట బెంచీ మీద ఉంటాను. ఎవడో ఒకడు వస్తాడు, నల్లుల మాస్టారు కదూ, ఒక్క లైను పాడండి అంటాడు. పాడతాను. ఇక మీదట చరణం పాడతాను. కుర్చీలోనా కుట్టాయే, కుండల్లోనా పుట్టాయే. నాది అదే కదా. ఒక్కడూ నవ్వడు.